క్రూయిజుకి వెళ్తున్నారా? ఎడమవైపు కిటికీ అడగండి

మా నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు. అందులో చాలా ఏళ్ళు నెల్లూరు-మైపాడు రూటే. అంటే రోజుకి మూడు నాలుగు సార్లు సముద్రం దాకా వెళ్ళడం, బస్సు తిప్పుకోవడం, ఒక టీ తాగి వెనక్కి వచ్చెయ్యడం. సర్వీసు మొత్తం లెక్కేస్తే కొన్ని వేల సార్లు సముద్రం దగ్గరికి పోయుంటాడు. నీళ్ళలో కాలు పెట్టింది మాత్రం పట్టుమని పదిసార్లు కూడా ఉండదట. "డ్యూటీలో బూట్లిప్పితే మళ్ళీ ఇసక దులుపుకునే దానికి టైమేదిరా" అంటాడు.

అలాంటి మనిషినీ, మోకాళ్ళ నెప్పులున్న మా అమ్మనీ తీసుకుని 2025 వర్షాకాలంలో చెన్నై నుంచి విశాఖపట్నం వెళ్ళే ఓడ ఎక్కాను. తిరిగొచ్చాక ఆఫీసులో అందరూ రెండే ప్రశ్నలు అడిగారు. "ఎంతయింది?" ఒకటి, "వై-ఫై ఉందా?" రెండోది. పెద్దవాళ్ళు ఎలా ఉన్నారు, వాళ్ళకి నచ్చిందా అని ఒక్కరూ అడగలేదు. నేను కూడా బుక్ చేసేటప్పుడు ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగాను కాబట్టి వాళ్ళని అనే హక్కు నాకు లేదు. కానీ వెళ్ళొచ్చాక నా అభిప్రాయం మారింది. అదేదో చెప్పి, నేను చేసిన తప్పులు మీరు చెయ్యకుండా కొన్ని జాగ్రత్తలు కూడా చెబుదామని ఇది రాస్తున్నా.

ముందుగా అభిప్రాయం. మనవాళ్ళు ప్యాకేజీని చూసి క్రూయిజు కొంటారు. ఎన్ని రెస్టారెంట్లు, ఎన్ని షోలు, స్విమ్మింగ్ పూల్ ఎంతుంది, ఇదీ వరస. సముద్రాన్ని చూసి కొనేవాడు నాకింతవరకు తగల్లేదు. అందుకే వెళ్ళొచ్చినవాళ్ళలో సగం మంది "ఏముంది, నీళ్ళ మీద షాపింగ్ మాల్" అని పెదవి విరుస్తారు. మాల్ కోసం వెళ్తే మాలే కనిపిస్తుంది మరి! నా మటుకు నాకు, నడవలేని అమ్మానాన్నలతో చేయగలిగిన ప్రయాణాల్లో ఇంత సుఖమైనది ఇంకోటి లేదనిపించింది. ఒకసారి పెట్టె విప్పితే చాలు, ఊళ్ళే మన దగ్గరికి వస్తాయి. రోజుకో హోటలు, రోజుకో ఇన్నోవా, "అమ్మా త్వరగా, బస్సు వెళ్ళిపోతుంది" అనే కేకలు ఉండవు. కాకపోతే వాళ్ళని దృష్టిలో పెట్టుకుని ప్లాన్ చెయ్యాలి. మన లీవుల్ని బట్టి, డిస్కౌంటుని బట్టి చేస్తే లాభం లేదు.

నెల్లూరు వాళ్ళకి సముద్రం ఉంది గానీ ఓడ లేదు. మా చిన్నప్పుడు ఓడ అంటే క్యాలెండరు మీద బొమ్మే. 2008 జూలైలో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక సముద్రంలో లంగరేసి వరసలో ఎదురుచూసే ఓడలు కనిపించడం మొదలైంది. అవీ బొగ్గు ఓడలు. ఈ తీరం మొదటి నుంచీ సరుకు తీరమే అనుకోండి. ఇంగ్లీషువాళ్ళు 1626 ప్రాంతంలో దుగరాజపట్నం దగ్గర అర్మగాంలో గిడ్డంగి పెట్టి ఫిరంగులు నిలబెట్టారు. మద్రాసుకి స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే ఇక్కడ పనిచేసినవాడే. మద్రాసు కన్నా పదమూడేళ్ళు ముందు మన దగ్గర దుకాణం తెరిచారన్నమాట. (దుగరాజపట్నం 2022లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. మా నాయన ఇప్పటికీ ఒప్పుకోడు, అది వేరే గొడవ.)

జనం నీళ్ళ మీద ప్రయాణం చెయ్యలేదా అంటే, చేశారు. బకింగ్‌హాం కాలువలో! మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ పడవ కాలువ అంటారు. 1806లో మద్రాసు దగ్గర మొదలై, ముక్కలు ముక్కలుగా పెరిగి, ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా నాలుగొందల కిలోమీటర్ల పైన సాగింది. 1876-78 కరువులో కూలి పనులు పెట్టి మద్రాసు నగరంలో మిగిలిన ముక్క తవ్వించారు, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. శ్రీహరికోట నుంచి కట్టెలు, ఉప్పు మద్రాసుకి పడవల మీదే వెళ్ళేవి. మా జేజి చిన్నప్పుడు వాళ్ళ నాయనతో ఆ పడవల్లో మద్రాసు పోయిందట. దారిలో పడవ మీదే వంట, పడవ మీదే నిద్ర. 1965, 66ల్లోనూ, 1976లోనూ వచ్చిన తుపాన్లతో కాలువ దెబ్బతిని ఆ రాకపోకలు పోయాయి. 2008లో జాతీయ జలమార్గం 4 అని పేరైతే పెట్టారు గానీ, మా ఊరి దగ్గర అందులో తూటికాడ తప్ప ఏమీ కదలడం నేను చూడలేదు.

కాబట్టి మనకి క్రూయిజు అంటే పరాయి సరదా అనుకోనక్కర్లేదు. నాలుగు తరాల కిందట మనవాళ్ళు చేసిందే. వై-ఫై లేదు, అంతే.

సరే విషయానికొస్తా. నెల్లూరు తీరంలో ప్రయాణికుల ఓడ ఆగే రేవు లేదు. కృష్ణపట్నం సరుకుది, రామాయపట్నం కట్టేది కూడా సరుకు కోసమే, జువ్వలదిన్నె చేపల రేవు. దగ్గరలో ఉన్నది చెన్నై, సుమారు 175 కిలోమీటర్లు. లేదంటే విశాఖ. విశాఖలో దాదాపు వంద కోట్లు పెట్టి కట్టిన క్రూయిజు టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. మన తూర్పు తీరానికి వచ్చే ఓడ కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్. అది మామూలుగా ముంబై ఓడ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి 2022 నుంచీ ఆ రోజుల్లో చెన్నై వైపు వస్తోంది. కొన్ని ట్రిప్పులు విశాఖకి, కొన్ని శ్రీలంకకి. ప్రతి ఏడూ షెడ్యూలు మారుతుంది, ఎవరో ఎప్పుడో చెప్పింది నమ్మి లీవు పెట్టకుండా ఆ ఏటి షెడ్యూలు చూసుకోండి.

అది మంచి కాలం కూడా. మన వైపు సముద్రానికి పిచ్చెక్కేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను నెల్లూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. దసరా, దీపావళి సెలవులు కలిసొస్తాయని ఆ నెలల్లో బంగాళాఖాతం మీద ప్రయాణం పెట్టుకుంటే, రద్దయినా ఆశ్చర్యపోకండి, రద్దవకుండా ఊగిపోయినా ఆశ్చర్యపోకండి.

ఇక ఓడ సైజు. ఎంప్రెస్ 1990లో ఫ్రాన్సులో కట్టినది, అప్పట్లో రాయల్ కరీబియన్ వాళ్ళ నార్డిక్ ఎంప్రెస్. సుమారు 48,500 టన్నులు, పదకొండు డెక్కులు. 2024 జనవరిలో తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ 2,48,000 టన్నుల పైన, అంటే అయిదు రెట్లు. (ఈ టన్నులు బరువు కాదండోయ్, ఓడ లోపలి చోటుకి కొలత. నేను కూడా చాలాకాలం బరువనే అనుకున్నా.) అమెరికాలో పెద్ద పెద్ద ఓడలెక్కిన మా కొలీగ్ ఒకడు "పాత ఓడ రా అది, చిన్నది" అని తీసిపారేశాడు. నాకు మాత్రం చిన్నదవడమే నచ్చింది. అమ్మ క్యాబిన్ నుంచి డెక్కు మీదకి, అక్కడి నుంచి భోజనానికి తనంతట తను వెళ్ళొచ్చేది. అయిదు రెట్లున్న ఓడలో అయితే మా అమ్మకి వీల్‌చెయిర్ కావాల్సొచ్చేది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఓడ ఎంత కొత్తది అన్నది తర్వాత, లిఫ్టుకి క్యాబిన్ ఎంత దూరం అన్నది ముందు చూడండి.

డబ్బుల సంగతి. వెబ్‌సైటులో మొదట పెద్ద అక్షరాలతో కనిపించే అంకె ఒక మనిషికి, అదీ ఇద్దరు ఒక క్యాబిన్‌లో ఉంటే. దాని మీద పోర్టు చార్జీలు, సర్వీసు చార్జీ, జీఎస్టీ. ఇవి ఏ కంపెనీ అయినా వేస్తుంది, కింద వరసల్లో రాసే ఉంటుంది. నేను పై వరస మాత్రమే చూసి మా తమ్ముడికి ఫోన్ చేసి "చవకరా" అని చెప్పాను. రోజంతా కోడ్ రివ్యూల్లో ఇతరుల తప్పులు పట్టేవాడిని, నాలుగు వరసల పేజీ కిందిదాకా చదవలేదు. అన్నీ కలిపిన మొత్తం వచ్చే చివరి పేజీ దాకా వెళ్ళి, అప్పుడు పోల్చుకోండి. భోజనం, షోలు టికెట్‌లో ఉంటాయి. మందు, స్పెషల్ రెస్టారెంట్లు, ఇంటర్నెట్టు, ఒడ్డున తిప్పే టూర్లు విడిగా. ఓడలో నగదు నడవదు, కార్డు గీకుతూ పోతారు, ఆఖరి రోజు బిల్లు. రోజూ రాత్రి ఒకసారి లెక్క చూసుకుంటే మంచిది. పిల్లలు ఐస్‌క్రీమ్ అనుకుని ఏది ఆర్డరిచ్చారో దేవుడికే తెలియాలి.

క్యాబిన్ విషయంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటుంది. పెద్దవాళ్ళకి కిటికీ లేని లోపలి క్యాబిన్ తీసుకోకండి. చవకే. "పడుకోవడానికే కదా" అనిపిస్తుంది. కానీ మన అమ్మానాన్నలు తెల్లవారుజామున నాలుగింటికి లేచే మనుషులు. లైటు తీస్తే గుహలా ఉండే గదిలో మెలకువొస్తే పగలో రాత్రో తెలియదు, బయటికి ఎటు పోవాలో తెలియదు, మనల్ని లేపడం మొహమాటం. అలా రెండు గంటలు మంచం మీద కూర్చుంటారు, మనకి చెప్పరు కూడా. కిటికీ ఉంటే ఆ రెండు గంటలే వాళ్ళ ప్రయాణంలో మంచి భాగం అవుతుంది. బాల్కనీ అక్కర్లేదు, ఆ తేడా డబ్బులు మిగుల్చుకోండి. గాలి కావాలంటే డెక్కు ఉంది, అది అందరిదీ.

క్యాబిన్ ఎక్కడ తీసుకోవాలో మా నాయన ఒక్క మాటలో చెప్పాడు. "బస్సులో వెనక సీటు ఎగిరినంత మధ్య సీటు ఎగరదు గదరా." అంతే. ఓడ పొడుగులో మధ్యన, ఎత్తులో కింది డెక్కుల్లో ఊపు తక్కువ. ముందు కొసన, పైన ఉన్నవాళ్ళకి ఎక్కువ. ఇక ఏ పక్కన అంటే, చెన్నై నుంచి ఉత్తరానికి వెళ్తున్నప్పుడు నేల ఎడమ పక్క ఉంటుంది. విశాఖ నుంచి కిందికి వస్తుంటే కుడి పక్క. రానూపోనూ ట్రిప్పయితే ఎటైనా ఒకటే అనుకోవచ్చు గానీ, మొదటి రాత్రికి ఉండే ఉత్సాహం చివరి రాత్రికి ఉండదు. ఎడమ పక్కే అడగండి. మేమడగలేదు, కుడి పక్క వచ్చింది. డెక్ ప్లాన్ చూసి బుక్ చేసుకుంటే అయిపోయేది.

సామాను దగ్గర ఇంకో తప్పు చేశాను. ఎయిర్‌పోర్టులో లాగే పెద్ద పెట్టెలు ముందే తీసుకుంటారు, తర్వాత క్యాబిన్ ముందు పెడతారు. ఆ "తర్వాత" కొన్ని గంటలు. వేల పెట్టెలు పంచాలి కదా, వాళ్ళ తప్పేం లేదు. అమ్మ బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు నేనే నీట్‌గా సర్ది పెద్ద పెట్టెలో అడుగున పెట్టాను. మధ్యాహ్నం భోజనానికి ముందు వేసుకోవాల్సిన మాత్ర సాయంత్రం ఆరింటికి దొరికింది. ఏమీ కాలేదు, కానీ ఆ నాలుగైదు గంటలు నా మొహం చూడాల్సింది. మందులు, చీటీలు, కళ్ళజోళ్ళు, ఒక జత బట్టలు, ఒక శాలువా చేతి సంచిలోనే ఉండాలి. శాలువా ఎందుకంటే లోపల ఏసీ చంపేస్తుంది. అన్నట్టు, ఇంట్లో వండినవి ఓడల్లో సాధారణంగా ఎక్కనివ్వరు. అమ్మ రెండు కేజీల మలైకాజా, గోంగూర పచ్చడి సర్దింది. కాజాలు చెన్నైలో మా చిన్నాన్న ఇంట్లో దిగిపోయాయి, ఆయన చాలా సంతోషించాడు :)

నెల్లూరు నుంచి వెళ్ళేవాళ్ళు ముందు రోజే చెన్నై చేరుకోండి. రైల్లో మూడు గంటలే కదా అని పొద్దున్నే బయల్దేరితే, ఆ మూడు గంటలు కాదు, సెంట్రల్ నుంచి పోర్టు దాకా ఉన్న నాలుగు కిలోమీటర్లు మిమ్మల్ని ఏడిపిస్తాయి. ఓడ ఎవరికోసమూ ఆగదు. ఇదే మాట విశాఖలో దిగినప్పుడు కూడా గుర్తుండాలి. ఒక్క రోజులో అరకు వెళ్ళొచ్చేద్దామని బయల్దేరినవాళ్ళని చూశాను, సాహసం! పెద్దవాళ్ళుంటే బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి చూసి (2002 నుంచి మ్యూజియంగా ఉంది, లోపల ఇరుకు, అమ్మ బయటే కూర్చుంది), కైలాసగిరి ఎక్కి వచ్చెయ్యడం చాలు.

కడుపులో తిప్పడం గురించి. అందరికీ రాదు. వస్తుందేమోనని భయం ఉంటే మీ డాక్టర్ని అడిగి మాత్ర తెచ్చుకుని, ఓడ ఊగాక కాకుండా ముందే వేసుకోండి. వాంతి మొదలయ్యాక మాత్ర లోపల నిలవదు. చాలా మాత్రలు మగత తెప్పిస్తాయి, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు అడక్కుండా వేసుకోకూడదు. డెక్కు మీదకొచ్చి ఆకాశం సముద్రం కలిసే గీత వైపు చూస్తే చాలామందికి తగ్గుతుంది. ఫోన్ చూస్తే పెరుగుతుంది. ఓడలో డాక్టరుంటాడు, ఫీజు ఓడ రేటులో ఉంటుంది. ఆఫీసు ఇచ్చే ఇన్సూరెన్సు సముద్రం మీద పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి. గర్భంతో ఉన్నవాళ్ళని ఇరవైనాలుగు వారాలు నిండితే చాలా ఓడలు ఎక్కనివ్వవు, అది కూడా చూసుకోండి.

ఎక్కిన రోజు సేఫ్టీ డ్రిల్ ఉంటుంది. దయచేసి తప్పించుకోకండి. మనం ఆఫీసులో ఫైర్ డ్రిల్ అనగానే కాఫీ కప్పు పట్టుకుని కిందికి దిగి కబుర్లు చెప్పుకునే జాతి కదా, ఇక్కడా అలాగే నవ్వుతూ నిలబడ్డవాళ్ళున్నారు. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా రాయికి కొట్టుకుని ఒరిగిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన కొన్ని వందల మందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ముప్ఫై రెండు మంది పోయారు. ఆ తర్వాతే ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ అయిపోవాలని రూలు మార్చారు. అంత దూరం ఎందుకు, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగి సుమారు యాభై మంది చనిపోలేదా? అందులో మనలాగే ఇంటిల్లిపాదీ సరదాగా బయల్దేరినవాళ్ళున్నారు. లైఫ్ జాకెట్ వేసుకోమంటే "ఫోటో బాగా రాదు" అనేవాళ్ళని నేనే చూశాను, పులికాట్‌లో. అమ్మానాన్నలకి జాకెట్ ఎక్కడుందో, ఎలా కట్టుకోవాలో, మెట్ల దారి ఎటో క్యాబిన్‌లో ఇంకోసారి చూపించండి. డ్రిల్‌లో ఇంగ్లీషులోనో హిందీలోనో చెప్పింది వాళ్ళకి సగమే అర్థమవుతుంది.

పులికాట్ అంటే గుర్తొచ్చింది. మొదటే క్రూయిజుకి అంత డబ్బు పెట్టడానికి జంకుతుంటే, ఒక ఆదివారం తడ దగ్గర భీమునివారిపాలెం తీసుకెళ్ళి పడవ ఎక్కించండి. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు అదే, చాలా చోట్ల మనిషి లోతు కూడా ఉండదు, చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. అలలుండవు కాబట్టి కళ్ళు తిరుగుతాయో లేదో అక్కడ తెలియదు. కానీ పడవ ఎక్కడం, దిగడం, చుట్టూ నీళ్ళుండటం అంటే వాళ్ళకి భయమా కాదా అన్నది అరగంటలో తెలిసిపోతుంది. జాకెట్లు లేని పడవయితే ఎక్కకుండా వెనక్కి వచ్చెయ్యండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి రెండు ముక్కలు. ఫ్లోరిడాలో ఎక్కి ఫ్లోరిడాలోనే దిగుతున్నాం కదా అని పాస్‌పోర్టులో హెచ్1బీ స్టాంపింగు అయిపోయినవాళ్ళు బహామాస్ క్రూయిజు ఎక్కితే, అది దేశం బయటికి వెళ్ళి రావడమే. పాత స్టాంపుతో తిరిగి రానిచ్చే వెసులుబాటు హెచ్1 వాళ్ళకి కెనడా, మెక్సికోలకే, అదీ ముప్ఫై రోజుల లోపు, షరతులతో. కరీబియన్ దీవులకి లేదు. అలాస్కా అమెరికానే కదా అనుకునేవాళ్ళకి ఇంకో సంగతి. 1886 నాటి ఒక చట్టం వల్ల విదేశీ జెండా ఉన్న ఓడ మధ్యలో ఏదో ఒక విదేశీ రేవుని తాకాలి, అందుకే సియాటిల్ నుంచి వెళ్ళేవి కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. ఇండియా పాస్‌పోర్టయితే కెనడా వీసా సంగతి ముందే తేల్చుకోవాలి. ఈ రూల్స్ మారుతుంటాయి, మీ లాయర్ని అడక్కుండా నా మాట మీద టికెట్ కొనకండి.

ఇక వై-ఫై. ఓడ ఎక్కగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టెయ్యండి. తీరం దాటాక ఫోన్ తనంతట తను ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటే, మన మామూలు ప్యాకులు దానికి పనిచెయ్యవు, బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఇంటర్నెట్ ప్యాకేజీ కొనొద్దు అని నా సలహా. మేనేజరుకి "సముద్రంలో నెట్ ఉండదు" అని ఎక్కేముందే చెప్పండి. ఎంత గొప్ప సాకు చూడండి, దాన్ని మనమే డబ్బిచ్చి పాడుచేసుకోవడం ఎందుకు?

ఈ జ్ఞానం నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. ఆ వారం మా టీములో రిలీజు ఉంది. ఓడ చెన్నై రేవు వదిలేటప్పుడు ఇంకా సిగ్నల్ వస్తోంది కదా అని నేను క్యాబిన్‌లో కూర్చుని ఆఖరి మెయిల్ కొడుతున్నా. అది అయ్యేసరికి ముప్పావుగంట. పైకి వెళ్తే నాయన డెక్కు మీద ఒక్కడే రెయిలింగ్ పట్టుకుని నిలబడున్నాడు, మద్రాసు చాలా వెనకపడిపోయింది. "చూడలేదా నువ్వు? టగ్గులు రెండొచ్చి దీన్ని లాగి తిప్పినాయి. రేవు దాటినాక పైలట్ అంట, తాళ్ళ నిచ్చెన మీద దిగి, కదలతా ఉండే చిన్న బోటులోకి దూకినాడు. మన డ్రైవర్లు కూడా అంత పని చెయ్యలేరు" అని చేతులు తిప్పుతూ చెప్పాడు. నలభై ఏళ్ళు వచ్చే నాకు మా నాయన అంత ఉత్సాహంగా మాట్లాడటం చూసింది చాలా తక్కువ. నేను ఆ ముప్పావుగంటా లేను. ఆ మెయిల్‌కి ఎవరూ జవాబు కూడా ఇవ్వలేదు.

అందుకని ఆ రాత్రి లాప్‌టాప్ తియ్యలేదు. ముందే ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకుని ఉంచాను. ఇది మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తెలిసిందే, జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, ఫ్లైట్ మోడ్‌లోనూ లొకేషన్ పనిచేస్తుంది. ఆకాశం కనపడే చోటుంటే చాలు. రాత్రి ఒంటిగంట దాటాక ఎందుకో మెలకువొచ్చి చూస్తే నాయన లేచి కూర్చుని ఉన్నాడు. అమ్మని లేపకుండా ఇద్దరం పైకి వెళ్ళాం. డెక్కు మీద మనుషుల్లేరు, లోపలెక్కడో డీజే దుప్పుదుప్పు అంటోంది. ఫోన్ తీసి చూపించాను. మ్యాప్ నిండా నీలం, మధ్యలో ఒక చుక్క, మెల్లగా పైకి జరుగుతోంది. ఎడమ పక్క గీతలాగా నేల. కోట, కృష్ణపట్నం, ముత్తుకూరు, ఇంకొంచెం పైన మైపాడు.

"అయితే మనం ఇప్పుడు మైపాడుకి ఎదురుగా ఉండామా?"

"ఇంకో అరగంటలో నాయనా."

ఎడమ రెయిలింగు దగ్గర కూర్చున్నాం. దూరంగా చేపల పడవల దీపాలు, వాటి వెనక ఆకాశం అంచున కొంచెం పసుపు వెలుగు. కృష్ణపట్నం అనుకున్నాం, కాకపోయినా కావచ్చు. చుక్క మైపాడుకి సూటిగా వచ్చినప్పుడు చెప్పాను. లేచి నిలబడ్డాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆఖరి ట్రిప్పు తొమ్మిదింటికి. బస్సు అక్కడే నైట్ హాల్టు. నేనూ డ్రైవరూ పైన పడుకునేవాళ్ళం, బస్సు టాపు మీద, గాలికి. సముద్రంలో దీపం ఒకటి పోతా ఉండేది. యాడికి పోతాదో అనుకునేవాళ్ళం" అన్నాడు. అంతే. ఆ నైట్ హాల్టుల సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అమ్మకి తప్ప.

పొద్దున అమ్మకి కథంతా చెప్పాడు. "నన్నెందుకు లేపలేదు" అని ఇద్దరికీ తిట్లు పడ్డాయి. మొదటి రోజు ఆ లైట్లూ బఫే క్యూలూ చూసి "ఏందిరా ఇది, ఓడా కల్యాణమండపమా" అన్న మనిషి, మూడో రోజుకి డెక్కు మీద ఒక కుర్చీ తనదే అన్నట్టు పట్టేసుకుంది. (బఫే క్యూలో పెద్దవాళ్ళని నిలబెట్టకండి. కూర్చుంటే వడ్డించే భోజనశాల ఉంటుంది, కొంచెం ఆలస్యంగా వెళ్తే ఖాళీగా దొరుకుతుంది.) షోలు ఒకటే చూశాం. పూల్ వైపు వెళ్ళనేలేదు. ప్యాకేజీలో కట్టిన డబ్బులకి న్యాయం చెయ్యలేదని మా తమ్ముడి అభిప్రాయం.

మళ్ళీ షెడ్యూలు ఎప్పుడు పెడతారో చూడమని అమ్మ మొన్న ఫోన్‌లో అడిగింది, ఈసారి తమ్ముడి వాళ్ళు కూడా వస్తారట. వెనక నుంచి నాయన గొంతు వినిపించింది, "ఎడమ పక్క కిటికీ అని చెప్పు వాడికి."